చూడని ముఖం

తలగడ పట్టుకెళ్ళినవాడు దుప్పటి మరిచిపోయాడు. అత్తగారు ఆ దుప్పటిని మడతపెట్టి, క్యారియర్ పక్కన పెట్టింది.

"దీన్ని కూడా షాపులో ఇచ్చేద్దాం. ఆ బల్లమీద వట్టినే పడుకుంటే నడుం పట్టేస్తుంది వాడికి," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

బుల్లి ముఖం కడుక్కుని వచ్చి తువ్వాలుతో అద్దుకుంటోంది. ఆస్పత్రివాళ్ళు కాటుక వద్దన్నారు. క్రీము వద్దన్నారు. సెంటు వాసన కూడా మిషనుకు పడదట. ముందు గుండీలున్న జాకెట్టు వేసుకోమన్నారు, బట్టలు మార్చేటప్పుడు కళ్ళకు తగలకుండా. పుట్టింట్లో ముద్దుగా పిలిచిన పేరు ముప్పై అయిదేళ్ళొచ్చినా వదల్లేదు ఆమెను. భర్త బుల్లి అనే అంటాడు, అత్తగారూ బుల్లి అనే అంటుంది. ఇంట్లో అతని నోట ఆ పిలుపు వినబడి మూడు రోజులైంది.

గొడవ ఒక్క మాట దగ్గర తెగింది. భర్తది కళ్ళద్దాల షాపు. పెళ్ళైనప్పటినుంచీ బుల్లి అద్దాలు అతనే స్వయంగా అరగదీసి, ఫ్రేములో కూర్చి, ముక్కు మీద పెట్టి, రెండు చెవుల వెనకా వేళ్ళతో సరిచూసేవాడు. అలాంటిది, ఆమె లేజర్ ఆపరేషన్‌కు పరీక్షలు చేయించుకుందన్న సంగతి ఆస్పత్రి నుంచి చీటీలు తెచ్చే మనిషి నోట విన్నాడు. ఆ మనిషి అభినందిస్తున్నట్టే చెప్పాడట. అతను ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగాడు. బుల్లి ఎన్ని రోజులనుంచో లోపల పేర్చుకున్న మాటలన్నీ కలగాపులగమై, చివరిది ముందు వచ్చేసింది.

"ఈ అద్దాలు తీస్తే నాకు మీరే కనిపించరు. ఈ తడుముకోవడం ఇంక నావల్ల కాదు."

పొద్దున్నే కళ్ళు తెరిస్తే పక్కనున్న మనిషి ముఖం కనబడాలని ఆమె అన్నది. అతనికి వినబడింది వేరు.

"ఇన్నాళ్ళూ నాతో తడుముకుంటూ బతికావన్నమాట," అని తలగడ తీసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటినుంచీ అత్తగారు రెండు పూటలా క్యారియర్ మోస్తోంది. అక్కడ కొడుకు ఏమన్నాడో ఇక్కడ చెప్పదు. ఇక్కడ కోడలు తిన్నదో లేదో అక్కడ చెబుతుందని మాత్రం బుల్లికి తెలుసు.

ఈ ఉదయం ఆమె ఒక్కతే బయల్దేరుదామనుకుంది. తాళంచెవి అందుకోబోతే అత్తగారు మంచి చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్కదానివీ వెళ్తే సరే, వచ్చేటప్పుడు గోడలు పట్టుకుని వస్తావా? నాకు రెండు కళ్ళకీ శుక్లాలు తీశారు. ఆ గదులన్నీ నేను చూసినవే. పద."

దారిలో షాపు దగ్గర బండి ఆపించింది. షట్టరు సగమే లేచి ఉంది. అత్తగారు వంగి లోపలికి వెళ్ళింది. బండిలోంచి చూస్తే గాజు బీరువాల వెనక, సానపట్టే చక్రం మీద వంగిన అతని తల కనిపించింది. నడినెత్తిన జుట్టు పలచబడింది. ఆ చోటు ఇంత దూరం నుంచి కనబడేది కూడా అతను చేసిన అద్దాల పుణ్యమేనని బుల్లికి తోచింది. తల ఎత్తుతాడేమోనని చూస్తూ కూర్చుంది. చక్రం ఆగలేదు.

అత్తగారు వచ్చి కూర్చుని, "పోనీ," అంది బండివాడితో.

* * *

ఆస్పత్రిలో మొదట మళ్ళీ కొలతలు తీసుకున్నారు. గడ్డం ఒక మిషను మీద ఆన్చి, లోపల తిరుగుతున్న వలయాలవైపు చూడమన్నారు. డాక్టరమ్మ ఇదివరకు చెప్పినదే ఇంకోసారి నిదానంగా చెప్పింది. బుల్లి కంటి ముందుపొర పలచన. అందుకని ఆ పొరలో మూతలాగా కోసి, లేపి, కింద లేజర్ కొట్టే పద్ధతి ఆమెకు పనికిరాదు. పైనున్న సన్నటి చర్మంలాంటిదాన్ని తుడిచేసి ఉపరితలం మీదే లేజర్ పెడతారు. ఆ చర్మం తిరిగి దానంతటదే పెరుగుతుంది. పెరిగేదాకా నొప్పి ఉంటుంది, మొదటి రెండు మూడు రోజులూ గట్టిగానే ఉంటుంది. చూపు ఒక్కసారిగా రాదు. ఒకరోజు తేటగా, ఒకరోజు మసగ్గా, వారాలు పడుతుంది. చీకటి పడ్డాక దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చు, కళ్ళు పొడిబారొచ్చు. కొందరికి కొద్దిపాటి నంబరు మిగిలిపోవచ్చు. ఏదీ దాచలేదు ఆవిడ.

ఇంకొకటి కూడా చెప్పింది. బుల్లిది పాత బట్టలు రఫూ చేసే పని. కళ్ళద్దాలు తీసేసి, గుడ్డని ముక్కు దగ్గరకు తెచ్చుకుని, పోగు పోగూ కలిపేది. ఆ దగ్గరచూపు మహిమ ఆపరేషన్‌తో పోతుంది. ఇంకొన్నేళ్ళకు సూదిలో దారానికి అద్దాలు పెట్టుకోక తప్పదు.

"అప్పుడు మళ్ళీ మీవారి దగ్గరికే వెళ్ళాలి," అని నవ్వింది డాక్టరమ్మ. బుల్లి నవ్వలేకపోయింది.

మొదటిసారి వచ్చినప్పుడు ఈ డాక్టరమ్మే అడిగింది, పిల్లల కోసం చూస్తున్నారా అని. కడుపుతో ఉన్నప్పుడు కంటి నంబరు కదులుతుంది, అప్పుడు చెయ్యరట. చేశాక కూడా చూపు కుదుటపడేదాకా కొన్ని నెలలు ఆగాలట. "ఆ తర్వాతే," అంది బుల్లి, తడుముకోకుండా. ఆ జవాబు తనలో తయారై ఉందని అంతవరకూ ఆమెకే తెలియదు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

థియేటర్ గుమ్మం దగ్గర తలకు టోపీ తొడిగారు. కళ్ళలో చుక్కలు వేశారు. ఒక్క క్షణం చురుక్కుమని, తర్వాత కనురెప్పలు ఎవరివో అన్నట్టు మొద్దుబారాయి. నర్సు చెయ్యి చాపింది.

"కళ్ళద్దాలు ఇటివ్వండి."

బుల్లి ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు. వేళ్ళు వదల్లేదు.

ఆరేళ్ళ కిందట కూడా ఇలాగే ఒక గుమ్మంలో ఒక నర్సు కళ్ళద్దాలు అడిగి తీసుకుంది. ఏడో నెల. ఉన్నట్టుండి నొప్పులు. కోసి తీయాలన్నారు. దీపాల కింద పడుకోబెట్టి, తెర కట్టి, కాసేపటికి ఎవరో తెర పక్కనుంచి చేతులు చాపి, "చూడమ్మా, ఆడపిల్ల," అన్నారు. బుల్లి చూసింది. గులాబీ రంగు మసక ఒకటి. ఆ మసక కొద్దిగా కదిలింది. ఇంకా దగ్గరికి తెమ్మని అనేలోపు పరుగున తీసుకెళ్ళిపోయారు. తర్వాత ఇచ్చిన మత్తులోంచి ఆమె లేచి, చెయ్యి చాపి, కళ్ళద్దాలు అందుకుని పెట్టుకునేసరికి తెల్లవారింది. చూడటానికి పాప లేదు. భర్త మంచం పక్కన నిలబడి, చూడకపోవడమే మంచిదని అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆ ఇంట్లో పాప గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

"నాకివ్వవే," అంటూ అత్తగారు గుమ్మం బయటినుంచి చెయ్యి చాపింది. "నా దగ్గరే ఉంటాయి. కొంగులో పెట్టుకుంటాను."

వేళ్ళు వదిలాయి. గది అంతా కరిగి తెలుపూ ఆకుపచ్చా అయిపోయింది.

పడుకోబెట్టారు. తల కదలకుండా దిండు గుంటలో ఇరికించారు. ఒక కన్ను మూసి, రెండో కంటి రెప్పల్ని అంటించి, మూతపడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. రెప్ప కొట్టేస్తానేమోనని రాత్రంతా భయపడింది ఆమె. కొట్టడానికి రెప్ప చేతిలో లేదిప్పుడు. పైన ఆకుపచ్చ చుక్క మిణుకుమంటోంది. దాన్నే చూస్తూ ఉండమంది డాక్టరమ్మ. కన్ను కాస్త అటూ ఇటూ అయితే మిషను కూడా వెంటే జరుగుతుందట, మరీ కదిలితే ఆగిపోతుందట.

"భయపడకండి. నిన్న మీవారు వచ్చి మీ రిపోర్టులన్నీ నాతో కూర్చుని చూశారు. ఏ పద్ధతి అని అడిగారు. చెప్పాను. అయితే సరే, అన్నారు."

బుల్లి చూపు డాక్టరమ్మ గొంతు వైపు మళ్ళింది. చుక్క పక్కకు జరిగింది.

"చుక్కని చూడండమ్మా, చుక్కని."

కంటిమీద చల్లటి ద్రవం నిలిచింది. మెత్తని బ్రష్‌తో తుడుస్తున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. చుక్క చెదిరి, తడి గాజుకవతల దీపంలా పాకింది. ఆ తర్వాత టకటకమని చప్పుడు మొదలైంది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఇదంతా ముందే చెప్పారు, వాసన కూడా చెప్పారు, అయినా ఆ వాసన తన కంటిదేనని అనుకోగానే కాళ్ళు బిగుసుకున్నాయి. సగం అయింది, అంది డాక్టరమ్మ. ఇంకొంచెం. అయిపోయింది. చల్లటి నీళ్ళతో కడిగి, నొప్పి తగలకుండా పలచని లెన్సు ఒకటి కట్టులాగా కంటిమీద పెట్టారు. రెండో కన్ను కూడా అంతే. నర్సుల కబుర్లు ఇంకా ముగియకముందే లేపి కూర్చోబెట్టారు.

ఎదురుగా గోడ మీద గుండ్రటిదేదో ఉంది. పాలలో ముంచి తీసినట్టుంది గానీ దాని ముళ్ళు తెలుస్తున్నాయి. గడియారం. కళ్ళద్దాలు లేకుండా అంత దూరంలో గడియారాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

అత్తగారు నల్లద్దాలు పెట్టి, చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎలా ఉందే అని అడిగితే, "ఆయన నిన్న ఇక్కడికి వచ్చారట," అంది బుల్లి.

"నాకేం తెలుసు," అంది అత్తగారు. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైకి లేస్తుంది.

* * *

మందు మత్తు సాయంత్రానికి దిగింది. కళ్ళలో ఎవరో గుప్పెడు ఇసుక పోసి రెప్పలు కుట్టేసినట్టుంది. నీళ్ళు ఆగకుండా కారాయి, ముక్కు కారింది. కిటికీ తెరల అంచున సన్నటి వెలుతురు కూడా సూదిలా దిగింది. రుద్దుకోకూడదు. కళ్ళలో చెంబెడు నీళ్ళు చల్లుకుంటే చాలనిపించినా నీళ్ళు తగలకూడదు. పడుకునేటప్పుడు నిద్రలో చెయ్యి పడకుండా ప్లాస్టిక్ డిప్పలు అంటించుకోవాలి. నొప్పి మాత్రలు మింగి, గది చీకటి చేసుకుని పడుకుంది.

చుక్కలు మూడు రకాలు. మొదటి పూట అత్తగారే వేసింది. చెయ్యి వణికి ఒక చుక్క ముక్కుమీద, ఒకటి చెవిలో పడింది. "నీ కన్ను ఎక్కడుందో దొరకడం లేదే," అని ఆవిడ సీసా పక్కన పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం, షాపులు మూసే వేళ, వీధి తలుపు చప్పుడైంది. వంటింట్లో గుసగుసలు. తర్వాత గదిలోకి అడుగులు వచ్చాయి. మంచం పక్కన కుర్చీ పడింది. ఒక వేలు కింది రెప్పను మెల్లిగా లాగింది. చుక్క తిన్నగా కంటి మూలలో పడింది.

ఆ వేలిని పోల్చుకోవడానికి చూపు అక్కర్లేదు. సాన నీళ్ళకు చర్మం గరుకెక్కిన వేలు అది. ఆమె చెవుల వెనక ఎన్నోసార్లు ఆగి, ఇక్కడ నొక్కుతోందా అని అడిగిన వేలు.

అతను మాట్లాడలేదు. మాట్లాడితే వెళ్ళిపోతాడని ఆమె కూడా ఊరుకుంది. కాసేపటికి భయంభయంగా, "థాంక్స్ అత్తయ్యా," అంది.

కుర్చీ కదలలేదు. ఆ పిలుపును అతను కాదనలేదు.

అలా సాగింది. పూటపూటకీ వచ్చేవాడు, వేసేవాడు, వెళ్ళేవాడు. పిలుపు మాత్రం అత్తయ్యే. వంటింట్లో అసలు అత్తయ్య గిన్నెలు కావాలని గట్టిగా సర్దేది, తను అక్కడే ఉన్నానని తెలియకూడదో, తెలియాలో ఆవిడకే తెలియాలి. నొప్పికన్నా ఆ పూటల మధ్య ఎడమే బుల్లిని ఎక్కువగా బాధించేది. ఏ అడుగు చప్పుడైనా మెడ ఎత్తేది. వీధిలో ఎవరిదో తలుపు పడితే కూడా సర్దుకుని కూర్చునేది.

నొప్పి కొంచెం తగ్గిన రోజున, చుక్కలు వేయడం అయ్యాక, బుల్లి కళ్ళు మూసుకునే అంది.

"అత్తయ్యా, మీ అబ్బాయితో నేనొకటి అంటే ఆయనకి ఇంకొకటి వినబడింది."

వేలు చెంప మీద కారిన చుక్కను తుడుస్తూ ఆగింది.

"తడుముకోవడం నావల్ల కాదన్నది ఆయన్ని వదిలించుకోవడానికి కాదు. పొద్దున్న లేవగానే ఆయన నవ్వుతున్నారో, దిగులుగా ఉన్నారో నాకు తెలీదు. బల్లమీద చెయ్యి పెట్టి వెతుక్కుని, పెట్టుకుని చూసేసరికి ఆయన ముఖం మామూలుగా అయిపోయి ఉంటుంది. ఆ ముందు ముఖం నేనెప్పుడూ చూడలేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇంకోటి కూడా ఉంది. ఆయనతో చెప్పే ధైర్యం లేక మీతో చెబుతున్నా. నాకు మళ్ళీ బిడ్డ కావాలి. ఈసారి ఎవరైనా తెర పక్కనుంచి చూపిస్తే, నా కళ్ళద్దాలేవీ అని అడిగే పరిస్థితి రాకూడదు. అందుకే ఈ ఆపరేషన్."

అతని ఊపిరి దగ్గరగా, తెగుతూ, అందుకుంటూ వినిపించింది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. ఆ ధైర్యంతోనే, ఆరేళ్ళుగా అడగనిది అడిగింది. ఈసారి అత్తయ్యా అనలేదు.

"ఏమండీ, పాప ఎలా ఉండేది?"

సీసా మూత కిందపడి దొర్లింది.

ఇన్నేళ్ళూ ఆమెకు అతనిమీద ఉన్న కోపమంతా ఇదే. ఆ ముఖం అతని దగ్గర ఉంది, దాచుకున్నాడు, ఒక్కడే చూసుకుంటున్నాడు అనుకుంది. షాపులో పసిపిల్లల ఫ్రేములు సర్దేటప్పుడు అతను ఊరికే ఆగిపోతే, ఇప్పుడు చూసుకుంటున్నాడు అనుకునేది. అసూయపడేది. మంచంమీద పక్కనే పడుకుని, ఒక్క ముక్కైనా చెప్పరాదా అని మనసులోనే వేడుకునేది.

"నాకు తెలీదు," అన్నాడతను.

ఎన్నో రోజుల తర్వాత విన్న ఆ గొంతు బొంగురుగా ఉంది.

"తెలీకపోవడమేమిటి? మీ చేతికే కదా ఇచ్చారు?"

"ఇవ్వబోయారు. నేను గోడవైపు తిరిగాను బుల్లీ. బతకదని అప్పటికే చెప్పారు నాతో. చూస్తే మరిచిపోలేనని తిరిగాను. చూడకపోయినా మరిచిపోలేదు."

ఆరేళ్ళు బుల్లి ఒక తలుపు బయట కూర్చుని, లోపల దీపం ఉందనుకుంది. లోపల కూడా చీకటే. మనసులో ఉన్న కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. అద్దాలు లేక తను చూడలేదు. అద్దాలు చేసే అతనూ చూడలేదు. ఇద్దరూ కన్న పిల్లను ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

మూసిన రెప్పల కిందనుంచి నీళ్ళు ఉబికాయి. అతను తుడవబోయి, రుద్దకూడదని గుర్తొచ్చి, చెంప దగ్గరే చెయ్యి ఆపేశాడు. ఆమె ఆ చేతిని తడుముకుని పట్టుకుంది.

"అయితే ఎవ్వరూ చూడలేదా దాన్ని," అంది.

గుమ్మంలో చీర చెంగు తలుపుకు రాసుకున్న చప్పుడైంది.

"ముందు ఆ ఏడుపు ఆపండి ఇద్దరూ. వేసిన మందంతా కొట్టుకుపోతోంది," అంది అత్తగారు. వచ్చి మంచం అంచున కూర్చుంది. మంచం ఆవిడ వైపు కొద్దిగా వంగింది. ఆవిడ గొంతు ఈసారి పైకి లేవలేదు.

"నేను చూశాను. వాడు గోడవైపు తిరిగాడు, నువ్వు మత్తులో ఉన్నావు. ఆ పిల్లని చేతుల్లో పట్టుకుని నర్సు నిలబడిపోయింది. మనిషన్నవాళ్ళు ఎవరో ఒకరు అందుకోవాలి కదా. అందుకున్నాను. తెల్లవారేదాకా నా ఒళ్ళోనే ఉంది."

బుల్లి పట్టుకున్న అతని చెయ్యి ఆమె వేళ్ళను బిగించింది.

"మీరెవరైనా అడుగుతారని చూశాను. మీరు అడగలేదు. అడగందే చెబితే పుండు రేపినట్టవుతుందని నేనూ నోరు మూసుకున్నాను. అదే అలవాటైపోయింది."

"అమ్మా," అన్నాడతను. వద్దన్నట్టుగానూ ఉంది, చెప్పమన్నట్టుగానూ ఉంది.

అత్తగారు కోడలి అరచేతిని విప్పి, తన వేలితో అందులో చిన్న గీత గీసింది.

"ముక్కు ఇంతే. కనుబొమలు వాడివి. అంత చిన్నదానికి అన్ని వెంట్రుకలేమిటో. కళ్ళు మూసుకునే ఉండేది. ఊరికే ఒళ్ళో పెట్టుకుని కూర్చోలేక, ఏదో ఒకటి అని పిలవాలి కదా అని, ఒక పేరు పెట్టి పిలిచాను. పిలిస్తే కళ్ళు తెరిచింది. తెరిచి, తిన్నగా నా ముఖంలోకి చూసింది."

"ఏం పేరు?"

అలా అడిగింది బుల్లి కాదు.